కాపరి చెయ్యెత్తితే బండి ఆగాలి

హైదరాబాద్ నుంచి నాగార్జునసాగర్‌కు పోయే రహదారి బొంగుళూరు దగ్గర ఔటర్ రింగు రోడ్డును దాటి, మంగళ్‌పల్లి, శేరిగూడ, ఇబ్రహీంపట్నం, గున్‌గల్ మీదుగా యాచారం చేరి, అక్కడి నుంచి మాల్, చింతపల్లి వైపు సాగుతుంది. ఉదయం కళాశాల బస్సులు, రాత్రి సరుకు లారీలు, వానాకాలంలో సాగర్ గేట్లు ఎత్తారన్న వార్త రాగానే బయలుదేరే కార్లు ఈ దారిని నింపుతాయి. అదే దారిని అడ్డంగా దాటుతూనో, కొంత మేర దాని అంచునే పట్టుకొనో గొర్రెల మందలు, బర్రెలు, అరుదుగా ఎడ్లబండ్లు, పెళ్లి ఊరేగింపులకు తీసుకుపోయే గుర్రాలు కూడా నడుస్తాయి. ఈ రెండు రకాల ప్రయాణాల్లో మొదటిదానికే రహదారి మీద హక్కు ఉందనీ, రెండవది ఎలాగో తప్పించుకొని పోవలసినదనీ వాహనాలు నడిపేవారిలో చాలామంది అనుకొంటారు. చట్టం అలా అనుకోలేదు. జంతువును తోలుకుపోతున్న మనిషి ఆపమంటే మోటారు వాహనం ఆగి తీరాలని దేశంలో అమలులో ఉన్న చట్టమే చెబుతున్నది. ఆ మాట డ్రైవర్లకూ తెలియదు, జంతువుల వెంట నడిచే కాపరులకూ తెలియదు.

గుర్రపు రౌతుల రహదారి భద్రత అనగానే అది తెలుగు నేలకు దూరపు విషయంగా తోచవచ్చు. 2019లో జరిగిన 20వ పశుగణన ప్రకారం దేశం మొత్తం మీద గుర్రాలు, పొట్టి గుర్రాలు కలిపి సుమారు 3.4 లక్షలే ఉన్నాయి. అంతకు ముందరి గణన జరిగిన 2012తో పోలిస్తే దాదాపు సగానికి పడిపోయాయి. అదే గణనలో ఒక్క తెలంగాణలోనే గొర్రెలు 1.9 కోట్లకు చేరి రాష్ట్రం దేశంలో మొదటి స్థానంలో నిలిచింది. 2017 జూన్‌లో ప్రారంభమైన గొర్రెల పంపిణీ పథకం కింద గొల్ల, కురుమ కుటుంబాలకు 75 శాతం రాయితీతో 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున ఇవ్వడం ఈ పెరుగుదలకు ముఖ్యమైన కారణాల్లో ఒకటి. అందువల్ల యాచారం వంటి మండలంలో ఈ విషయాన్ని గుర్రంతో మొదలుపెట్టినా గొర్రెల మంద దగ్గరకు రాక తప్పదు. గుర్రాన్ని ముందుగా తెలుసుకోవడం వల్ల ఒక మేలుంది. బెదిరితే పారిపోవడమే ప్రాణరక్షణగా బతికిన జంతువుల స్వభావం గుర్రంలో కనిపించినంత స్పష్టంగా మరెక్కడా కనిపించదు. రహదారి మీది చట్టాలు కూడా మొదట గుర్రం కోసమే పుట్టాయి.

ఆ చట్టాల కథ బ్రిటన్‌లో మొదలవుతుంది. ఆవిరి యంత్రంతో నడిచే బండ్లు రోడ్డెక్కిన తొలి రోజుల్లో, 1865లో చేసిన చట్టం ప్రకారం అలాంటి బండికి అరవై గజాల ముందు ఒక మనిషి ఎర్రజెండా పట్టుకొని నడుస్తూ, ఎదురుగా వచ్చే గుర్రపు రౌతులను, గుర్రపు బండ్లవారిని హెచ్చరించాలి. 1896లో తేలికపాటి మోటారు బండ్లకు ఆ బాధ తప్పింది; అయితే దానికి బదులుగా వచ్చిన నిబంధనల్లో, బెదురుతున్న గుర్రాన్ని పట్టుకొని ఉన్న మనిషి కోరినా, చెయ్యి పైకెత్తి సైగ చేసినా మోటారు బండిని ఆపి, అవసరమైనంతసేపు కదలకుండా ఉంచాలన్న నియమం చేరింది. కొత్తగా వచ్చిన యంత్రం వేగంగా పోవచ్చు, కాని అప్పటికే రహదారి మీద ఉన్న ప్రాణిని భయపెట్టి పోకూడదన్నది ఆ నియమం వెనుక ఉన్న న్యాయం.

ఆ న్యాయమే ఈ దేశపు 1939 నాటి మోటారు వాహనాల చట్టంలోకి వచ్చి, దాని స్థానంలో వచ్చి 1989 జూలై 1 నుంచి అమలవుతున్న 1988 చట్టంలోని 132వ సెక్షన్‌లో నిలిచింది. డ్రైవరు ఏయే సందర్భాల్లో వాహనాన్ని ఆపి తీరాలో చెప్పే సెక్షన్ ఇది. వాహనం వల్ల మనిషికో జంతువుకో మరో వాహనానికో ప్రమాదం జరిగి, ఎస్సై హోదాకు తగ్గని పోలీసు అధికారి యూనిఫారంలో ఉండి ఆపమన్నప్పుడు ఆపడం అందులో ఒకటి. మరొకటి, ఒక జంతువు బాధ్యత చూస్తున్న వ్యక్తి, అది అదుపు తప్పిందనో, వాహనానికి బెదిరి అదుపు తప్పుతుందనో భయపడి ఆపమని కోరినప్పుడు ఆపడం. ఈ రెండవ సందర్భంలో ఆపమనే మనిషికి ఏ హోదా అక్కరలేదు. గొర్రెల వెంట నడిచే పన్నెండేళ్ల పిల్లవాడైనా, బర్రెను మేతకు తోలుకుపోతున్న ముసలమ్మ అయినా ఆ మాట అనవచ్చు. జంతువు అంటే ఏమిటో కూడా ఆ సెక్షనే వివరించింది: గుర్రం, గొడ్లు, ఏనుగు, ఒంటె, గాడిద, కంచరగాడిద, గొర్రె, మేక. ఈ వరుసలో కుక్క లేదు. మనిషి తోలుకుపోయే, మనిషి బతుకు ఆధారపడిన జంతువులను దృష్టిలో పెట్టుకొని రాసిన వరుస ఇది.

ఇంత స్పష్టమైన నిబంధన ఉన్నా, సాగర్ రోడ్డు మీద కాపరి చెయ్యెత్తితే సాధారణంగా జరిగేది వేరు. వెనుక వచ్చే వాహనం హారన్ మోగిస్తుంది, లైట్లు వేసి ఆర్పుతుంది, మందలో ఎక్కడ సందు కనిపిస్తే అక్కడ దూరే ప్రయత్నం చేస్తుంది. డ్రైవర్లు దుర్మార్గులు కావడం వల్ల ఇది జరగడం లేదు. రోడ్డు మీది జంతువును వారు కదిలే అడ్డంకిగానే చూస్తారు. అది వింటుందనీ, చూస్తుందనీ, తాను విన్నదానికీ చూసినదానికీ తగినట్లు మరుక్షణంలో ఏదో ఒకటి చేస్తుందనీ ఆలోచించరు. ఆ పని ఎలా ఉంటుందో తెలిస్తే స్టీరింగు పట్టిన చెయ్యి దానంతట అదే జాగ్రత్త పడుతుంది.

గుర్రం కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి. అందువల్ల దానికి తన చుట్టూ దాదాపు 350 డిగ్రీల మేర కనిపిస్తుంది; నుదుటికి సరిగ్గా ఎదురుగా కొద్ది మేర, తోకకు సరిగ్గా వెనుక కొంత మేర మాత్రం కనిపించదు. వెనుక నుంచి నేరుగా వచ్చే మోటారు సైకిలును గుర్రం ముందు వింటుంది, చూడలేదు. అది పక్కకు వచ్చిన క్షణంలో, అప్పటిదాకా చప్పుడుగా మాత్రమే ఉన్నది ఒక్కసారిగా పెద్ద ఆకారమై కంటి అంచులో ప్రత్యక్షమవుతుంది. బెదురు పుట్టేది సాధారణంగా అప్పుడే. రౌతులు బెదురు అనే ఆ చర్యలో గుర్రం ముందుకు పరుగెత్తడానికి ముందే పక్కకు దూకుతుంది. 350 నుంచి 500 కిలోల బరువున్న దేహం కన్ను మూసి తెరిచేలోగా ఒకటి రెండు మీటర్లు రోడ్డు మధ్యకు జరిగితే, దాని పక్కనుంచి ఆనించుకొని పోతున్న వాహనానికి తప్పుకొనే చోటు మిగలదు.

గుర్రం చెవులను గమనించడం డ్రైవరుకు నేర్పవలసిన చిన్న విద్య. రెండు చెవులూ ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా దాదాపు అర్ధవృత్తం మేర తిరగగలవు; గుర్రం మనసు ఎటు ఉందో చెవి అటు తిరుగుతుంది. ఒక చెవి వెనక్కి తిరిగి, మరొకటి ముందుకే ఉంటే అది వాహనాన్ని గుర్తించి, ప్రస్తుతానికి సహిస్తున్నదని అర్థం. రెండు చెవులూ నిటారుగా బిగుసుకొని, తల పైకెత్తి, నడక ఆగిపోయి, ముక్కు రంధ్రాలు విచ్చుకొంటే అది తరువాతి క్షణంలో ఎటైనా దూకవచ్చు. ఆ గుర్తు కనిపించిన వెంటనే వాహనం వేగం తగ్గించి ఆగిపోవడమే సరైన పని. రౌతు చెయ్యెత్తే వరకు ఆగనక్కరలేదు, ఎందుకంటే ఆ క్షణంలో అతని రెండు చేతులూ కళ్లెం వారులోనే ఉండవచ్చు. మనిషి చెవికి అందని పై స్థాయి ధ్వనులు కూడా గుర్రానికి వినిపిస్తాయి. మనిషి వినికిడి సుమారు 20 వేల హెర్ట్జుల వద్ద ఆగిపోతే, అంటే సెకనుకు 20 వేల ప్రకంపనల వద్ద ఆగిపోతే, గుర్రానిది 33 వేల దాకా పోతుంది. కాబట్టి లారీ బ్రేకుల కీచుశబ్దం, గాలి బ్రేకులు వదిలే బుసశబ్దం దానికి మనిషికి తోచినదానికంటే పదునుగా తోస్తాయి. ఇక ఎయిర్ హారన్ సంగతి చెప్పనక్కరలేదు. కర్కశంగా, భయం పుట్టించేలా మోగే హారన్లను కేంద్ర మోటారు వాహనాల నియమాల్లోని 119వ నియమం అసలు వాహనాలకు అమర్చనే కూడదంటున్నా, అవి రహదారి పొడవునా మోగుతూనే ఉన్నాయి.

నేల మీది వస్తువులను కూడా గుర్రం మనిషిలా చూడదు. నీటి మడుగు, తెల్ల రంగు గీతలు, మూత వేసిన మ్యాన్‌హోల్, ఎండలో మెరిసే ప్లాస్టిక్ సంచి, ఇవన్నీ దానికి లోతు తెలియని గుంటలుగానో, కదిలే ప్రాణులుగానో తోచి అది పక్కకు తప్పుకోవచ్చు. వెలుతురు నుంచి చీకటిలోకి, చీకటి నుంచి వెలుతురులోకి పోయినప్పుడు దాని కన్ను సర్దుకోవడానికి మనిషి కంటికంటె ఎక్కువ సమయం పడుతుంది. ఎదురుగా హైబీమ్ లైటు పడితే అది కొంతసేపు గుడ్డిదే. పైగా కాలికి కొట్టిన లాడాలు, అంటే గిట్టల అరుగుదల ఆపే ఇనుప కట్లు, మట్టి మీద పట్టు ఇచ్చినంతగా నున్నటి తారు మీద ఇవ్వవు. తడిసిన తారు మీద బెదిరిన గుర్రం పరుగెత్తకపోవచ్చు, జారి రౌతుతో సహా పడిపోవచ్చు. ఆ పడే చోటు వాహనం దారిలోనే ఉంటుంది.

గొర్రెల మంద స్వభావం ఇందుకు భిన్నంగా ఉంటుంది. గుర్రం ఒంటరిగా బెదురుతుంది; గొర్రె ఒంటరి అయినందుకు బెదురుతుంది. రోడ్డు దాటుతున్న మందలో ముందు పోయే నాలుగైదు జీవాలు అవతలి గట్టు ఎక్కగానే మిగిలినవన్నీ వాటిని చేరాలన్న ఒకే ఆత్రంతో కదులుతాయి. సగం మంద దాటి, మిగిలిన సగం ఇవతల ఉన్నప్పుడు మధ్యలో కనిపించే ఖాళీ డ్రైవరుకు దారిలా తోస్తుంది, కాని నిజానికి అది అత్యంత ప్రమాదకరమైన చోటు. అక్కడ వాహనం దూరిన క్షణంలో ఇవతలి గొర్రెలు తమ మందను కోల్పోతున్నామని చక్రాల ముందుకే పరుగెత్తుతాయి. తల్లి ఒక పక్కనా దూడ మరో పక్కనా చిక్కుకొన్న ఆవు, బర్రె విషయంలోనూ ఇదే జరుగుతుంది. అరుస్తున్న దూడ కనిపిస్తే తల్లి లారీని కూడా లెక్కచేయదు. మంద మొత్తం ఒక ప్రాణి అన్నట్లు భావించి, చివరి జీవం దాటేదాకా ఆగడం ఒక్కటే ఇక్కడ పనికివచ్చే పద్ధతి. ఆ ఆగడానికి పట్టే సమయం ఒక సాధారణ మందకు రెండు మూడు నిమిషాలకు మించదు.

ఆగాలన్నా ఆగగలిగే వేగంలో ఉండాలి. గంటకు 80 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 22 మీటర్లు. ప్రమాదాన్ని చూసి, దాన్ని గుర్తించి, కాలు బ్రేకు మీదకు పోవడానికి సుమారు ఒకటిన్నర సెకను పడుతుందనుకొంటే, బ్రేకు పడకముందే వాహనం 33 మీటర్లు ముందుకు పోతుంది. పొడిగా ఉన్న మంచి రోడ్డు మీద, మంచి టైర్లతో అది పూర్తిగా ఆగడానికి మరో 36 మీటర్లు కావాలి. మొత్తం 69 మీటర్లు. డిప్ చేసిన హెడ్‌లైటు వెలుగులో రోడ్డు మీది నల్లటి ఆకారం స్పష్టంగా కనిపించేది సుమారు నలభై యాభై మీటర్ల లోపలే. అంటే ఆ వేగంలో పోయే డ్రైవరు తనకు కనిపించిన బర్రె ముందు ఆగలేడు. అతడి శ్రద్ధా నైపుణ్యాలు ఎంతటివైనా ఈ లెక్క మారదు. 60 కిలోమీటర్ల వేగంలో అదే దూరం సుమారు 45 మీటర్లకు, 40లో 26 మీటర్లకు తగ్గుతుంది. తడి రోడ్డు మీద, బరువు నింపిన లారీకి, అరిగిన టైర్లకు ఈ దూరాలన్నీ పెరుగుతాయి. వెనుక నుంచి సమీపించేటప్పుడు మరో భ్రమ తోడవుతుంది. నడిచే గుర్రం వేగం గంటకు ఆరేడు కిలోమీటర్లే కాబట్టి, 80 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారుకు అది నిలబడి ఉన్నట్లే లెక్క. వంద మీటర్ల ఎడం అయిదు సెకన్లలో మాయమవుతుంది.

పెద్ద జంతువును కారు ఢీకొంటే నష్టం జంతువుతో ఆగదు. గుర్రానికైనా ఎద్దుకైనా పొడవాటి కాళ్ల మీద బరువైన దేహం ఉంటుంది. కారు బంపరు కాళ్లను కొట్టేయగానే ఆ దేహం బానెట్ మీదుగా ముందు అద్దం మీదకు, దాని వెనుక కూర్చున్నవారి తల, ఛాతీ ఎత్తుకు వచ్చి పడుతుంది. సీటు బెల్టు, ఎయిర్‌బ్యాగు ముందు నుంచి వచ్చే తాకిడిని దృష్టిలో పెట్టుకొని చేసినవి. పై నుంచి వచ్చి పడే నాలుగు వందల కిలోల బరువుకు అవి పూర్తి రక్షణ ఇవ్వలేవు. మోటారు సైకిలు నడిపేవారి సంగతి ఇంకా దారుణం. కేంద్ర రహదారి రవాణా మంత్రిత్వ శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల వల్ల 1,68,491 మంది మరణించారు. వారిలో అందరికంటె ఎక్కువమంది ద్విచక్ర వాహనాల మీద పోతున్నవారే. రాత్రిపూట రోడ్డు మీద పడుకొన్న పశువును ఢీకొని ఎగిరిపడే ప్రమాదం కూడా ఎక్కువగా వారిదే.

వానాకాలంలో పశువులు రోడ్డు మీద ఎందుకు పడుకొంటాయన్నది చాలామంది విసుగుతో అడిగే ప్రశ్న. చేను, గట్టు, దొడ్డి అన్నీ తడిసి బురదైనప్పుడు ఊరంతటికీ త్వరగా ఆరే చోటు తారు రోడ్డే. పగటి వేడిని కొంతసేపు నిలుపుకొంటుంది, పోయే వాహనాల గాలికి దోమలు, జోరీగలు తక్కువగా ఉంటాయి. పశువు తన దృష్టిలో చాలా తెలివైన పని చేస్తున్నది. అదే కాలంలో సాగర్ గేట్లు తెరుచుకొని నగరం నుంచి వాహనాలు బారులు తీరడం, అవి రాత్రి పొద్దుపోయాక తిరిగి రావడం ఈ దారికి ప్రత్యేకమైన ఇబ్బంది. ఇబ్రహీంపట్నం దాటాక వీధి దీపాలు ఊళ్ల దగ్గర తప్ప పలచబడతాయి కాబట్టి, ఆ తిరుగు ప్రయాణంలో డ్రైవరు తన లైట్ల వెలుగు అందినంత దూరానికి తగ్గట్టు వేగాన్ని కుదించుకోవాలి.

పెళ్లి గుర్రాల సమస్య వేరు. నగర శివార్లలోనూ మండల కేంద్రాల్లోనూ బరాత్‌లకు, అంటే పెళ్లికొడుకు ఊరేగింపులకు, అద్దెకు వచ్చే గుర్రాలు చాలావరకు చప్పుళ్లకు అలవాటు పడినవే. అయితే అలవాటు అంటే భయం లేకపోవడం కాదు, భయాన్ని కొంత మేర అణచుకోవడం. డీజే పెట్టెల మోత, బాణసంచా, కళ్లలో కొట్టే దీపాల మధ్య రెండు గంటలు నిలబడిన గుర్రం ఆ తరువాత తన లాయానికి పోవడానికి అదే రాత్రి, అదే రహదారి మీద, తరచుగా ఏ దీపమూ లేకుండా నడుస్తుంది. అలసిపోయిన జంతువు, నిద్రతో తూలే కాపలాదారు, పొద్దుపోయాక వేగం పెంచే లారీలు, ఈ మూడూ ఒకచోట చేరడం కంటే ప్రమాదకరమైన కలయిక మరొకటి ఉండదు. గుర్రాన్ని అద్దెకు తెచ్చే కుటుంబం డబ్బు చెల్లించేటప్పుడే దాన్ని తిరుగు ప్రయాణంలో వాహనంలో తరలించే ఖర్చు కూడా కలుపుకొంటే ఈ ప్రమాదం చాలావరకు తొలగిపోతుంది. జంతువులను కాలినడకన తరలించడానికి సంబంధించి 2001లో వచ్చిన జంతుహింస నివారణ నియమాలు సూర్యాస్తమయం తరువాత, సూర్యోదయానికి ముందు వాటిని నడిపించకూడదని ఇప్పటికే చెబుతున్నాయి.

ఆంధ్రప్రదేశ్‌లోని అల్లూరి సీతారామరాజు జిల్లాలో గుర్రం ఇంకా రోజువారీ బతుకులో భాగంగానే ఉంది. పాడేరు, జి. మాడుగుల, చింతపల్లి ప్రాంతాల కొండ గూడేలకు రేషను బియ్యం, ఇతర సరుకులు మోసేది చాలాచోట్ల గుర్రాలే. చలికాలపు మంచులో లంబసింగి చూడబోయే పర్యాటకుల కార్లు, మూటలతో మలుపు తిరిగే గుర్రాలు ఎదురుపడేది ఘాట్ రోడ్ల ఇరుకులోనే. హైదరాబాద్‌లోనూ గుర్రం పూర్తిగా పోలేదు. 2024 జనవరి మొదట్లో లారీ డ్రైవర్ల సమ్మె వల్ల పెట్రోలు బంకుల దగ్గర వరసలు పెరిగినప్పుడు చంచల్‌గూడ ప్రాంతంలో ఆహారం చేరవేసే ఒక యువకుడు గుర్రమెక్కి పనికి పోవడం దేశమంతటా వార్త అయింది. ఆ సమ్మెకు కారణం, ప్రమాదం చేసి పారిపోయే డ్రైవర్లకు కొత్త నేరశిక్షాస్మృతిలో పెట్టిన కఠిన శిక్ష.

గుర్రాన్ని దాటుకొని పోయే పద్ధతి గురించి బ్రిటన్ 2022 జనవరిలో సవరించిన హైవే కోడ్ స్పష్టమైన కొలతలు ఇచ్చింది. గంటకు పది మైళ్ల లోపు వేగంతో, అంటే సుమారు 16 కిలోమీటర్లతో, కనీసం రెండు మీటర్ల ఎడం వదిలి దాటాలి. ఆ ఎడం దొరకకపోతే దొరికేదాకా వెనుకే నడవాలి. హారన్ మోగించకూడదు, ఇంజను రేస్ చేయకూడదు. ఈ కొలతలకు ఇక్కడ చట్టబలం లేకపోయినా, గుర్రం పక్కకు దూకే దూరాన్ని తలచుకొంటే రెండు మీటర్లు ఎందుకో తెలుస్తుంది. దాటేసిన తరువాత వెంటనే వేగం పెంచడం, వెంటనే ఎడమకు కోయడం కూడా తప్పే. వెనుక ఉన్న జంతువు ఇంకా ఆ వాహనాన్నే చూస్తూ ఉంటుంది. ద్విచక్ర వాహనాల వారు గుంపుగా వచ్చినప్పుడు రెండు పక్కల నుంచీ దాటకుండా ఒకే వైపు నుంచి ఒకరి వెనుక ఒకరు పోవాలి, ఎందుకంటే రెండు పక్కలా చప్పుడు చుట్టుముట్టిన జంతువుకు పారిపోవడానికి ముందు వైపే మిగులుతుంది.

రౌతులకూ కాపరులకూ బాధ్యతలు ఉన్నాయి. రౌతు వాహనాల మాదిరిగానే రోడ్డుకు ఎడమ పక్కన నడవాలి. గుర్రాన్ని దిగి నడిపించేవారు తాము గుర్రానికీ వాహనాలకూ మధ్య ఉండేలా, గుర్రం తమకు ఎడమ వైపు గట్టు పక్కన ఉండేలా పట్టుకోవాలి. బెదిరినా అది గట్టు వైపే దూకే అవకాశం అప్పుడు ఎక్కువ. కళ్లెం లేకుండా మెడ తాడుతో మాత్రమే గుర్రాన్ని రోడ్డు మీదకు తేవడం దాన్ని వదిలేయడంతో సమానం. మోటారు సైకిలుకు హెల్మెట్ తప్పనిసరి చేసిన 129వ సెక్షన్ గుర్రపు రౌతుకు వర్తించదు, కాని గుర్రం మీద కూర్చున్న మనిషి తల నేలకు సుమారు రెండున్నర మీటర్ల ఎత్తున ఉంటుంది. స్వారీ శిక్షణ కేంద్రాల్లో వాడే గడ్డం పట్టీ ఉన్న స్వారీ హెల్మెట్‌ను రహదారి మీద తీసేయడానికి ఏ కారణమూ లేదు. కాపరుల విషయంలో ఖర్చు తక్కువై ఫలితం ఎక్కువగా ఉండేది వెలుగును తిప్పికొట్టే పట్టీ. రేడియం పట్టీ అని అందరూ పిలిచే ఆ పట్టీని ముందు నడిచే పొట్టేలు మెడకు, చివరి జీవం మెడకు, బర్రె కొమ్ములకు, ఎడ్లబండి వెనుక పలకకు, కాపరి గొంగడి అంచుకు అతికిస్తే, డిప్ లైటులో కూడా అది నల్లటి ఆకారంకంటే రెండు మూడింతల దూరం నుంచి కనిపిస్తుంది. మందకు ముందు ఒకరు, వెనుక ఒకరు ఉండటం పాత పద్ధతే; చదువులకూ పనులకూ పిల్లలు నగరానికి పోయాక వెనుక నడిచే మనిషి కరువయ్యాడు. ఈ లోటును పూడ్చడం తేలిక కాదు.

ప్రమాదం జరిగిపోయాక ఏం చేయాలో కూడా తెలిసి ఉండాలి. గాయపడిన మనిషి కోసం 108కి, గాయపడిన జంతువు కోసం 1962కి ఫోను చేయాలి. తెలంగాణలో 2017లో మొదలైన సంచార పశువైద్య వాహనాలు ఈ రెండవ నంబరుకు వస్తాయి. దెబ్బతిన్న గుర్రాన్ని గాని ఎద్దును గాని ఊరి జనం నలుగురూ కలిసి లేపడానికి ప్రయత్నించడం వల్ల విరిగిన ఎముక మరింత చెదరడమే కాక, నొప్పితో తన్నే కాలికి మనుషులు బలవుతారు. రోడ్డుకు రెండు వైపులా ఎడంగా మనుషులు నిలబడి వాహనాలను నెమ్మదింపజేయడం మొదటి పని. డ్రైవరు తన పేరు, చిరునామా, వాహన యజమాని వివరాలు నష్టపోయినవారికి చెప్పాలని 132వ సెక్షనే నిర్దేశించింది. నష్టపరిహారం కోసం జంతువు యజమాని మోటారు వాహన ప్రమాదాల ట్రిబ్యునల్‌ను ఆశ్రయించవచ్చు, ఎందుకంటే మూడో పక్షం ఆస్తికి కలిగిన నష్టం కూడా దాని పరిధిలోకి వస్తుంది. చనిపోయిన బర్రెకు రోడ్డు పక్కనే బేరమాడి, చేతికి వచ్చింది తీసుకొని పోయే అలవాటు పేద కాపరిని ఎప్పుడూ తక్కువకే ఒప్పిస్తుంది. మరోవైపు, తన జంతువు వల్ల మనుషుల ప్రాణానికి ముప్పు రాకుండా చూసుకోని యజమానికి భారతీయ న్యాయ సంహితలోని 291వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు గాని, అయిదు వేల రూపాయల దాకా జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు.

ఇక్కడ తోలుకుపోయే జంతువుకూ వదిలేసిన జంతువుకూ ఉన్న తేడాను గట్టిగా పట్టుకోవాలి. కాపరి ఉన్న జంతువుకు చట్టం రక్షణ ఇచ్చింది; పాలు పిండుకొని రోడ్డు మీదకు వదిలేసిన ఆవుకు అటువంటి రక్షణ ఇవ్వగల మనిషే అక్కడ ఉండడు. 1871 నాటి పశు అతిక్రమణ చట్టం కింద ఏర్పడిన బందెలదొడ్లు, అంటే పొలాల్లో పడ్డ పశువులను కట్టేసి యజమాని జరిమానా కట్టాక విడిచిపెట్టే దొడ్లు, ఒకప్పుడు పెద్ద ఊళ్లలో ఉండేవి. చాలాచోట్ల ఆ స్థలాలు ఇప్పుడు వేరే అవసరాలకు పోయాయి. 2025 నవంబరులో సుప్రీంకోర్టు జాతీయ, రాష్ట్ర రహదారుల మీద తిరిగే పశువులను తొలగించి ఆశ్రయ స్థలాలకు తరలించాలనీ, అందుకు గస్తీ బృందాలను పెట్టాలనీ అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. ఆ ఆదేశం అమలయ్యే తీరులో ఒక ప్రమాదం ఉంది. గస్తీ వాహనానికి కాపరి వెంట పోతున్న మందా, దిక్కులేని మందా ఒకటిగానే కనిపిస్తే, దశాబ్దాలుగా నిలిచిన హక్కు ఒకటి చప్పుడు లేకుండా పోతుంది.

యాచారం మండలంలో నేల రూపం వేగంగా మారుతున్నది. ఔషధ నగరి పేరుతో మొదలై, ఇప్పుడు ఫ్యూచర్ సిటీ పేరుతో సాగుతున్న ప్రణాళికలు మేడిపల్లి, కుర్మిద్ద, తాటిపర్తి వంటి గ్రామాల చుట్టూ భూములను, వాటితోపాటు మేత దారులను కూడా కదిలించాయి. పాత బాట మూసుకుపోయిన మంద కొత్త రోడ్డు మీదకే రావాలి. జాతీయ రహదారుల నిర్మాణంలో పాదచారుల కోసం, పశువుల కోసం రోడ్డు కింద నుంచి చిన్న దారులు పెట్టడం ఇంజినీర్లకు కొత్త కాదు. అలాంటి దారి ఎక్కడ పెట్టాలో మ్యాపు చూసి నిర్ణయించడంకంటే, మందలు ఏ చోట దాటుతున్నాయో గొల్ల కురుమలను అడిగి నిర్ణయించడం మంచిది, ఎందుకంటే జీవాలు నీటికీ మేతకీ ఉన్న దారిని వదిలి అర కిలోమీటరు చుట్టు తిరిగి రావు. పశువు బొమ్మ ఉన్న హెచ్చరిక బోర్డులను కూడా ఊరి మొదట్లో ఒకటి పెట్టి ఊరుకోకుండా ఆ దాటే చోట్లకు ముందుగా, 80 కిలోమీటర్ల వేగంలో వచ్చే వాహనం నెమ్మదించేందుకు సరిపడా దూరంలో నిలపాలి. లెర్నర్ లైసెన్సు పరీక్షలో ఆ బొమ్మను గుర్తించమని అడుగుతున్నారు. దాని పక్కనే మరో ప్రశ్న చేర్చవచ్చు: గొర్రెలు తోలుకుపోతున్న మనిషి చెయ్యెత్తి ఆపమంటే డ్రైవరు ఏం చేయాలి? ఆ పరీక్షలో నెగ్గనివారికి లైసెన్సు ఇవ్వకుండా ఆపే అధికారం రవాణా శాఖ చేతిలోనే ఉంది.